నొప్పి యెక్కడ నున్నది?

ఈ పూట నేను చెప్పబోవునది రాజుల చరిత్ర గాదు, రాజ్యముల చరిత్రయు గాదు. మన దేహమునకు దెబ్బ తగిలినపుడు కలుగు నొప్పి యెక్కడ నుండునను ప్రశ్నకు మనుష్యులు రెండువేల యేండ్లకు పైగా చెప్పుచు వచ్చిన సమాధానముల చరిత్ర. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచో నొప్పి కాలిలోనే యున్నదని పసివాడైనను చెప్పును. ఇందు విచారింపవలసిన దేమున్నదని మీకు తోచవచ్చును. నాకును ఒకప్పు డట్లే తోచెను. అట్లు తోచుటవలన నేనొక పెద్దవాని యెడ తప్పు చేసితిని. ఆ తప్పే తరువాత నాచే నీ విషయమును చదివించినది గనుక ముందు దానినే చెప్పెదను.

మా మేనమామ సేద్యగాడు. 1984వ సంవత్సరమున మధుమేహమువలన ఆయన కుడిపాదమున పుండు పడి, కుళ్ళు పైకి ప్రాకుచుండగా, వైద్యులు ప్రాణము నిలుపుటకై మోకాలికి దిగువను కాలు తీసివేసిరి. గాయము చక్కగా మానినది. ఆయన యింటికి వచ్చి, చంకక్రింద కఱ్ఱ పెట్టుకొని పెరటిలో తిరుగ నారంభించెను. కాని రాత్రులందు నిద్ర లేదు. లేని కాలి బొటనవ్రేలిని ఎవరో మెలిపెట్టుచున్నట్లున్నదనియు, లేని అరికాలిలో నిప్పుకణికలు పోసినట్లున్నదనియు మొఱపెట్టుకొనెడివాడు. ఊరిలో కొందరు గాలి సోకినదనిరి. కొందరు, మత్తుమందునకు అలవాటుపడి నటించుచున్నాడనిరి. నాకవి భాషాప్రవీణ పరీక్షలో కృతార్థుడనై, తర్కసంగ్రహము చంకబెట్టుకొని, కనబడినవారితో నెల్ల వాదము పెట్టుకొను దినములు. ధర్మి లేనిచోట ధర్మ ముండదు. కుండయే లేనిచో కుండ యెఱుపెక్కడిది? పాదమే లేనిచో పాదపు నొప్పి యెక్కడిది? అని అరుగుమీద నలుగురి యెదుట మామయ్యకు సిద్ధాంతము చేసితిని. నలుగురును నవ్విరి. ఆయన నా మొగము వంక కొంతసేపు చూచి, "నీ కుండ సంగతి నాకు తెలియదురా అబ్బాయీ. నొప్పి మాత్రం ఉంది" అనెను. ఆ తరువాత నా యెదుట ఆయన తన నొప్పిమాట యెన్నడు నెత్తలేదు.

నేను చంకబెట్టుకొన్న ఆ గ్రంథమును నేను సరిగా చదువలేదని నాకు చాలకాలమునకు తెలిసినది. తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు మన ఆంధ్రుడే. ఆయన యందు ఇరువదినాలుగు గుణములను పరిగణించి, దుఃఖమును వానిలో నొకటిగా చేర్చెను. ఆ దుఃఖమున కాశ్రయ మేది? చేయి గాదు, కాలు గాదు, ఆత్మ. న్యాయవైశేషికుల మతమున నొప్పి పాదమునకు గుణమే కాదు. అది తెలియువానికి గుణము. మనస్సు అణుపరిమాణము గలది గనుక ఒక్కమాఱు ఒక్కదానితోనే కూడును. మఱియొకదానితో కూడియున్నపుడు దెబ్బ తగిలినను తెలియకపోవచ్చును. ఈ శాస్త్రమునే నమ్మినవాడనైనచో నేను మామయ్య పక్షమున వాదింపవలసినవాడను. శాస్త్రమును నోటికి నేర్చినవాడు తనకు పనికివచ్చిన తునుకను మాత్రమే వాడుకొనును. అట్లే నేనును చేసితిని.

వేదన యను మాటయే చూడుడు. విద్ అను ధాతువునకు తెలియుట యని యర్థము. వేదము, విద్య, విద్వాంసుడు అను మాటలు పుట్టిన ధాతువునుండియే వేదన యను మాటయు పుట్టినది. వేదన యనగా తెలియబడుట. తెలియనిది వేదన కానేరదు. ఇక తెలుగు మాటల సంగతి చెప్పనక్కఱలేదు. మన పల్లెలోని ముసలమ్మ ఒట్టి నొప్పి యని చెప్పి యూరకుండదు. తలపోటు, పంటిపీకు, పుండుసలుపు, కీళ్ళతీపు, నడుముపట్టు, ప్రక్కలో పొడుపు, కంటిలో మంట, కడుపులో మెలిక అని వేఱు వేఱుగా చెప్పును. వినిన వైద్యునికి సగము రోగ మక్కడనే తెలియును. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి మెగిల్ విశ్వవిద్యాలయములో రోనాల్డ్ మెల్జాక్ అను పండితుడు ఇంగ్లీషు రోగులు వాడు నొప్పిమాటలను ఏరి, 1975లో 78 మాటలను 20 తెగలుగా విభజించి యొక ప్రశ్నపత్రమును కూర్చెను. దానిని ఆసుపత్రులవారు దేశదేశములందు వాడుచున్నారు. ఈ మెల్జాక్ పేరు మరల వచ్చును, జ్ఞాపకముంచుకొనుడు.

తెలియువాడు దేహములో నెక్కడ కూర్చుండి తెలిసికొనుచున్నాడు? ఇచ్చటనే పూర్వులకు భేదాభిప్రాయములు కలిగినవి. చరకుడు చైతన్యమునకు హృదయము స్థానమనెను. అయినను ఇంద్రియములన్నియు శిరస్సు నాశ్రయించి యుండుటచే దానిని ఉత్తమాంగమనెను. భేలుడు మాత్రము మనస్సు శిరస్సునకును తాలువునకును నడుమ నున్నదని చెప్పెను. సుశ్రుతుడు శస్త్రవైద్యుడు గనుక స్థానచర్చకంటె పనిమీద దృష్టి యెక్కువ. 107 మర్మములను లెక్కించి అచ్చట కత్తి తగులరాదని హెచ్చరించెను. శస్త్రబాధ నోర్వలేనివానికి ముందుగా మద్యము త్రాగింపుమనెను. గ్రీకుదేశమునను ఇదే వివాదము. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున అరిస్టాటిల్ హృదయమే తెలివికి పీఠమనియు, మెదడు దేహపు వేడిని చల్లార్చునదనియు చెప్పెను. హిప్పొక్రటీసు సంప్రదాయమువారు మెదడే యనిరి.

ఈ తగవును వాదముతో గాక కత్తితో తీర్చినవాడు గేలెన్. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరములో ఆయన పెద్దలను సమావేశపఱచి, అరచుచున్న యొక పందిని కట్టివేసి, మెదడునుండి గొంతునకు పోవు సన్నని నాడులను కోసి చూపెను. పంది కొట్టుకొనుచునే యున్నది గాని కేక యాగిపోయెను. ధ్వని హృదయమునుండి పుట్టుటలేదు, మెదడు ఆజ్ఞాపించిననే పుట్టుచున్నదని అందరికిని తెలిసెను. ఆ కథలో ఒక మాట మనసున నుంచుకొనవలయును. ఆగినది కేక, నొప్పి కాదు. ఈ భేదమును పెద్ద వైద్యులే మఱచిన కాలమొకటి వచ్చినది. దానిని ముందు చెప్పెదను.

తరువాత పదునాలుగు పదునైదు వందల యేండ్లు దాటి ఫ్రాన్సుదేశపు డెకార్ట్‌కడకు వత్తము. ఆయన చనిపోయిన పిమ్మట 1662లో లాటిను భాషయందును, 1664లో ఫ్రెంచియందును వెలువడిన మనుష్యదేహ గ్రంథమున ఒక చిత్రమున్నది. ఒక మనుష్యుని పాదము నిప్పుకడ నున్నది. పాదమునుండి మెదడువఱకు లోపల ఒక దారము పోయినది. నిప్పు ఆ దారమును లాగును. దేవాలయమున త్రాడు క్రింద లాగినచో గంట పైన మ్రోగినట్లు మెదడులో నొక రంధ్రము తెఱచుకొనును. అంతట కాలు వెనుకకు లాగుకొనబడును. ఈ త్రాటిగంట యుపమానము చాల చక్కనిది. అంత చక్కనిది గావుననే మూడువందల యేండ్లు వైద్యులను కట్టివేసినది. ఎంత లాగిన నంత మ్రోత, ఎంత గాయమున కంత నొప్పి. గాయము లేనిచో నొప్పియు లేదు, ఉన్నదన్నవాడు బొంకరి. అరుగుమీద నేను చేసిన సిద్ధాంతము అన్నంభట్టుది కాదు. నాకు తెలియకుండగనే డెకార్ట్‌ది.

ఈ త్రాటిగంటకు మొదటి పగులు కాళ్ళు చేతులు పోయినవారివలననే కలిగినది. పదునాఱవ శతాబ్దముననే ఫ్రాన్సు సేనావైద్యుడగు ఆంబ్రోజ్ పారే, అవయవము తీసివేసిన చాల నెలలకుగూడ సైనికులు ఆ అవయవమున నొప్పియనుచుండుట వ్రాసియుంచెను. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమున వేలకొలది సైనికులు కాళ్ళు చేతులు పోగొట్టుకొనిరి. ఫిలడెల్ఫియా నగర వైద్యుడు వియర్ మిచెల్ వారిని దగ్గఱనుండి పరీక్షించెను. 1866లో ఆయన ఈ సంగతిని తన పేరు పెట్టక యొక కథగా పత్రికలో ప్రచురించెను. చదువరులలో కొందరు ఆ కథలోని కాళ్ళుచేతులు లేని పాత్రను నిజమైన మనుష్యుడనుకొని అతనికై చందాలు పోగుచేసిరి! 1871లో ఆయన ఈ స్థితికి ఇంగ్లీషున ఫాంటమ్ లింబ్ అని పేరుపెట్టెను. ఆయన పరీక్షించిన 90 మందిలో నలుగురు తప్ప తక్కిన వారందరును పోయిన అవయవ మున్నట్లే తెలియుచున్నదనిరి. ఫాంటమ్ అనగా దయ్యము. మన యూరివారు గాలి సోకినదనుటయు, ఆయన దయ్యమనుటయు ఒక్కటే గదా యని నాకు నవ్వువచ్చును. నేను దీనిని ఛాయావయవ మందును.

రెండవ పగులు యుద్ధభూమియందే కలిగినది. 1944లో ఇటలీ దేశపు ఆంజియో తీరమున అమెరికా సేనావైద్యుడు హెన్రీ బీచర్ తీవ్రముగా గాయపడినవారిని, నొప్పికి మందు కావలయునా యని ఒక్కొక్కరినే అడిగెను. 1946లో ఆయన ప్రకటించిన వ్యాసములో అట్టివారు 215 మంది. ఎముకలు విఱిగినవారును, కడుపు చీలినవారును అందున్నారు. వారిలో నాలుగింట మూడువంతులమంది అక్కఱలేదనిరి. వారికి స్మృతి తప్పలేదు. సూదిమందు సరిగా గ్రుచ్చనిచో కసురుకొనుచునే యుండిరి. అటుపిమ్మట ఆయన యూరిలోని ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారి నడుగగా, గాయము చిన్నదైనను, మందు కోరినవారే మిక్కిలి యెక్కువ. ఆయన చెప్పిన కారణమిది. సైనికునికి ఆ గాయము చావునుండి విడుదల, ఇంటికి ప్రయాణము. గృహస్థునకు అదే గాయము పిడుగుపాటు. త్రాడొక్కటే, లాగుట యొక్కటే. గంట మాత్రము వేఱుగా మ్రోగుచున్నది.

అట్లయినచో మెదడులో ఆ గంట యెక్కడ నున్నది? వైద్యులు వెదకిరి. ఇందొక వింత గలదు. నొప్పి నంతయు తెలిసికొను మెదడునకు తన నొప్పి లేదు. పైపొరలకు నొప్పి తెలియును గాని మెదడు కండను తాకినను కోసినను తెలియదు. అందుచే మాంట్రియల్ వైద్యుడు పెన్‌ఫీల్డ్ రోగులను మేల్కొలిపియుంచియే, తలచర్మమునకు మాత్రము తిమ్మిరిమం దిచ్చి, మెదడు పైభాగమున సన్నని విద్యుత్తును తాకించి, ఏమి తెలియుచున్నదని యడుగుచుండెను. చేయి జుమ్మన్నదనిరి, పెదవి కదలినదనిరి, ఎప్పటిదో పాట వినబడుచున్నదనిరి. నొప్పి యన్నవారు మాత్రము అత్యల్పులు. 1937లో ప్రకటించిన ఈ ఫలితమువలన పైభాగమున నొప్పికి ప్రత్యేకమైన గది లేదని తేలెను. 1991లో, బ్రదికియున్న మనుష్యుని మెదడులో రక్తము ఎచ్చట నెక్కువగా ప్రవహించుచున్నదో చూపు యంత్రములతో మాంట్రియల్‌లోను లండన్‌లోను పరీక్షింపగా, చర్మమునకు వేడి తగిలించినపుడు ఒక్కచోట గాక పలుచోట్ల వెలుగు కనబడెను. ఎచ్చట తగిలినదో తెలియు చోటొకటి. ఎంత తీవ్రమో తూచు చోటొకటి. అయ్యో యని హృదయము కలుక్కుమను చోటు వేఱొకటి. ఇవన్నియు కలసి మ్రోగిననే మనము నొప్పి యందుము.

ఈ చోట్లు వేఱువేఱని ముందే సూచించినది ఒక దారుణమైన చికిత్స. పోర్చుగల్ దేశపు మోనిజ్ 1935లో నొసటివెనుకనున్న మెదడుభాగమునకు పోవు తంతువులను తెగకోయు పద్ధతిని మొదలుపెట్టెను. 1949లో ఆయనకు నోబెల్ బహుమానమును వచ్చెను. మానని నొప్పులతో బాధపడువారికిని దానిని చేసిరి. వారిలో కొందరు, "నొప్పి యున్నది గాని నన్ను బాధించుటలేదు" అనిరి. నొప్పి యుండి బాధ లేకుండుట! కాని ఆ చికిత్స బాధతోపాటు మనిషితనమును గూడ కోసివేసినది. దానికి బహుమాన మిచ్చినవారికంటె దానిని మానిపించినవారే నా మనసున గొప్పవారు.

డెకార్ట్ త్రాటిని నిజముగా సవరించినవారు మొదట పేర్కొన్న మెల్జాక్, ఇంగ్లండు దేశపు పాట్రిక్ వాల్. 1965లో వారు ప్రకటించిన సిద్ధాంతము మన రైతులకు చెప్పుట సులభము. చెఱువునుండి పొలమునకు నీరు ఊరక పోదు, తూముకడ తలుపుండును, లస్కరు దానిని ఎత్తవచ్చును, దింపవచ్చును. అట్లే దేహమునుండి వచ్చు నొప్పివార్త వెన్నుపాములో నొక తలుపును దాటవలయును. దెబ్బ తగిలిన చోట చేతితో రుద్దినచో, స్పర్శవార్త వచ్చి తలుపును కొంత దింపును. కావుననే బిడ్డ పడినప్పుడు తల్లి రుద్దును. మఱియు పైనుండి మెదడును తలుపు దింపుమని యాజ్ఞ పంపగలదు. ఆంజియోలోని సైనికునికి అట్లే దిగినదని చెప్పవచ్చును. ఆ యాజ్ఞను మోసికొనిపోవు మందును మెదడు తానే తయారుచేసికొనునని 1975లో స్కాట్లండులోని అబర్డీన్ నగరమున హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అను నిరువురు కనుగొనిరి. నల్లమందువలె పనిచేయు ఆ పదార్థమును వారు తీసినది పందుల మెదళ్ళనుండి. గేలెన్ కాలమునుండి ఈ శాస్త్రమునకు పందులు పడిన పాట్లు చెప్పనలవి గాదు.

ఇంతవఱకు చెప్పినది మెదడు నొప్పిని చేయు విధము. నొప్పి మెదడును ఏమి చేయునను ప్రశ్న ఈ యిరువది ముప్పది యేండ్లలోనిది. మన ఆయుర్వేదమున జ్వరమును తరుణజ్వరమని, జీర్ణజ్వరమని రెండుగా చెప్పుదురు, చికిత్సయు వేఱు. అట్లే నేను నొప్పిని తరుణవేదన, జీర్ణవేదన యందును. తరుణవేదన కావలివాడు. వాడు లేనిచో నేమగునో 2006లో ప్రకటింపబడిన యొక పరిశోధన చెప్పుచున్నది. పాకిస్తాన్ ఉత్తరభాగమున కొన్ని కుటుంబములలో పుట్టుకనుండి నొప్పి యెఱుగని పిల్లలుండిరి; నొప్పివార్తను నాడులలో నడిపించు నొక ద్వారము వారికి పనిచేయదు. వారిలో నొక బాలుడు వీధిలో చేతులగుండ కత్తులు గ్రుచ్చుకొని, నిప్పులపై నడచి డబ్బు సంపాదించుచుండెను. పదునాలుగేండ్లు నిండకముందే ఇంటికప్పునుండి దూకి చనిపోయెను. నొప్పి లేని జన్మ వరము గాదు.

ఆ కావలివాడు కొంచెముసేపు అరచి యూరకుండినచో మెదడునకు హాని లేదు. 2008లో జర్మనీ దేశమున ఆరోగ్యవంతులకు ఎనిమిది దినములు వరుసగా చేతిపై నొప్పి కలుగునంత వేడి తగిలించి మెదడు చిత్రములు తీసిరి. దినములు గడచినకొలది వారికి నొప్పి తగ్గుచు వచ్చెను. నొప్పికి సంబంధించిన చోట్ల బూడిదరంగు పదార్థము కొంచెము పెరిగినట్లు కనబడెను. సంవత్సరము గడచిన పిమ్మట మరల మునుపటివలెనే యుండెను. సాము చేసినవాని కండ పెరిగి, మానినపుడు తగ్గినట్లు. నొప్పి జీర్ణించి నెలలు సంవత్సరములు నిలిచినచో కథ వేఱు. 2004లో అమెరికా దేశపు షికాగో నగరమున ఏప్కేరియన్ అను నాతడును ఆయన తోడివారును, చాలకాలము నడుమునొప్పితో నున్నవారి మెదళ్ళను కొలిచి, ఆ బూడిదరంగు పదార్థము ఇతరులకంటె నూటికి 5 మొదలు 11 వంతులు తక్కువగా నున్నదనిరి. పది యిరువది యేండ్ల ముసలితనము ముందుగా వచ్చినట్లని లెక్క. భయపడవలదు. 2009లో తుంటికీలు అరిగినవారికి శస్త్రచికిత్స చేసి నొప్పి పోగొట్టగా, తగ్గినది కొంత మరల పెరిగినట్లు జర్మనీవారే చూపిరి. నొప్పి తీర్చినచో మెదడు తేరుకొనును.

అయితే తరుణవేదన ఎవరికి జీర్ణించును, ఎవరికి ఊరక పోవును? అదే షికాగోవారు క్రొత్తగా నడుమునొప్పి వచ్చినవారిని సంవత్సరముపాటు వెంబడించి, 2012లో తమ ఫలితమును ప్రకటించిరి. నొసటివెనుకనున్న భాగమునకును, కోరికకు సంబంధించి లోపలనున్న యొక చిన్న కేంద్రమునకును నడుమ సంబంధము మొదటినుండియు గట్టిగా నున్నవారికే నొప్పి నిలిచిపోవుట యెక్కువగా కనబడెను. నడుములోని దెబ్బకంటె మెదడులోని దారులు ఎక్కువ చెప్పినవన్నమాట. వైద్యులలోనే దీనిపై ఇంకను చర్చ గలదు. ఈ చిత్రములను చూచి, ఈతనికి నొప్పి యున్నది, ఆతనికి లేదు అని తీర్పు చెప్పుట ఎవరికిని తగదు.

అట్టి తీర్పు చెప్పినందువలన జరిగిన ఘోరమును ఇప్పుడు చెప్పెదను. 1980ల నడుమవఱకు పాశ్చాత్యదేశములలోని పెద్ద ఆసుపత్రులలోను, అప్పుడే పుట్టిన శిశువులకు శస్త్రచికిత్స చేయునపుడు, కదలకుండ కండరములను సడలించు మందిచ్చి, నొప్పి తెలియకుండు మందు మాత్రము బహుస్వల్పముగా నిచ్చుటయో, ఇయ్యకుండుటయో వాడుకగా నుండెను. శిశువుల మెదడు, నాడులు ఇంకను పూర్తిగా రూపొందలేదు గనుక వారికి నొప్పి తెలియదని వారి వాదము. అదియు ధర్మి లేనిచోట ధర్మ ముండదను నా సిద్ధాంతమువంటిదే. బిడ్డ కదలలేదు, ఏడువలేదు. గేలెన్ పందివలె కేక యాగినది. ఆనంద్ అను భారతీయ వైద్యుడు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డున పరిశోధించి, 1987లో, నొప్పిమందు పొందిన శిశువుల దేహము శస్త్రచికిత్స తాకిడిని తక్కువ క్షోభతో తట్టుకొన్నదనియు, మందు పొందనివారికే ఉపద్రవము లెక్కువనియు చూపెను. ఆ పిమ్మట వైద్యసంఘములు తమ నియమములను మార్చుకొనిరి. 2015లో ఆక్స్‌ఫర్డువారే, పుట్టి వారమైన కాని శిశువుల పాదమును మొద్దుకడ్డీతో మెల్లగా పొడిచి మెదడు చిత్రములు తీయగా, పెద్దవారికి వెలుగు 20 చోట్లలో 18 చోట్ల శిశువులకును వెలుగు కనబడెను. అంతకుముందు తల్లుల నడిగియున్నచో ఈ సంగతి యంత్రము లేకయే తెలిసియుండెడిది.

నొప్పిని గుఱించి విచారించు అంతర్జాతీయ వైద్యసంఘమువారు 1979లో వ్రాసికొన్న నిర్వచనమును 2020లో సవరించిరి. గాయముతో కూడినది గాని, గాయముతో కూడినదానిని పోలినది గాని, అప్రియమైన యనుభవమే నొప్పి యని దాని సారము. పోలినది గాని యను మాట చూడుడు. గాయము కనబడి తీరవలయునను నియమ మందు లేదు. ఒకడు నొప్పియని చెప్పినచో ఆ మాటను మన్నింపవలెననియు, చెప్పలేనివానికి నొప్పి లేదనరాదనియు దానికి వివరణ చేర్చిరి.

ఇక ఛాయావయవముకడకు మరలెదను. తూముతలుపు సిద్ధాంతమునకు అదియొక్కటి లొంగలేదు. వెన్నుపాము పూర్తిగా తెగిపోయినవారికిని, తెగిన దిగువనున్న కాళ్ళలో నొప్పి తెలియుచుండుట చూచి మెల్జాక్ 1990 ప్రాంతమున తన మాటను తానే సవరించుకొనెను. దేహముయొక్క రూపమును మెదడే తనలో అల్లుకొని యుంచుకొన్నది. కాలు పోయినను ఆ అల్లిక పోదు. వార్త రాకున్నను అల్లిక పలుకును అనెను. తాను నిలిపిన సిద్ధాంతమును తానే దాటి పోవుట పండితులలో నరుదు. తమిళనాడున పుట్టి అమెరికాలో పనిచేసిన రామచంద్రన్ 1996లో ప్రకటించిన యుపాయమింకను చిత్రము. ఉన్న చేతి ప్రతిబింబము లేని చేయి యుండవలసినచోట కనబడునట్లు అద్దమును నిలిపి, ఉన్న చేతిని కదలింపుమనెను. అద్దములో లేని చేయి కదలుచున్నట్లు చూచిన కొందరికి, బిగుసుకొనియున్న ఛాయాహస్తము సడలి నొప్పి తగ్గెను. అందరికిని తగ్గదు, కాని తగ్గిన వారున్నారు.

ఈ యద్దపు సంగతి మొదటిసారి చదివిననాడు నాకు మా అత్త జ్ఞాపకము వచ్చెను. మామయ్యకు రాత్రి నొప్పి మొదలైనపుడు ఆమె లేచి, మంచముమీద ఆ పాదముండవలసిన చోట, ఒట్టి దుప్పటిమీద, అరచేతితో మెల్లగా రుద్దుచుండెడిది. ఆయన తల యెత్తి ఆమె చేతివంక చూచుచుండెడివాడు. చూచుచు చూచుచు నిద్రపోయెడివాడు. అది చూచి మేమందరము నవ్వితిమి. నేను ఇది చదువునాటికి వారిరువురును లేరు.